అసైన్‌మెంట్ లాస్ట్ నైటే ఎందుకు రాస్తాం?

ఈ ఎపిసోడ్ చూస్తున్నవాళ్లలో కొందరి ముందు ఇప్పుడు కూడా ఖాళీ ఏ4 షీట్లు ఉండే ఉంటాయి. పర్లేదు, పది నిమిషాలు పక్కన పెట్టి వినండి.

ఇంట్లోవాళ్లు దీనికి పెట్టే పేరు బద్ధకం. నేను ఒప్పుకోను. బద్ధకస్తుడు రాత్రి రెండింటి దాకా కూర్చుని పేజీలకు పేజీలు రాయడు కదా!

జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 రెగ్యులేషన్ తీసుకోండి. అందులో థియరీ సబ్జెక్టుకి ఎక్స్‌టర్నల్ 75, ఇంటర్నల్ 25 ఉండేవి. ఆ 25లో మిడ్‌కి 20, అసైన్‌మెంట్‌కి 5 ఉండేవి. మొదటి అసైన్‌మెంట్ ఫస్ట్ మిడ్ లోపు, రెండోది సెకండ్ మిడ్ లోపు ఇవ్వాల్సి ఉండేది. అంటే అన్ని సబ్జెక్టుల గడువూ దాదాపు ఒకేసారి వచ్చి మీద పడుతుంది. పైగా మూడు వారాల ముందు ఆ ఐదు మార్కులు కంటికి ఆనవు. ఫలితం ఎంత దూరంలో ఉంటే మనసు దాని వైపు అంత తక్కువ లాగుతుందని పియర్స్ స్టీల్ అనే సైకాలజిస్ట్ చెప్పేది కూడా ఇదే.

కానీ నా లెక్కలో అసలు కారణం క్లాస్ వాట్సాప్ గ్రూప్. అందరికీ అవే ప్రశ్నలు. ముందు రాసిన అమ్మాయికి ఏం దక్కుతుంది? ఆమె పేపర్ల ఫొటోలు అరగంటలో క్లాసంతా తిరుగుతాయి. ఆమెకీ ఐదే, చూసి రాసినోళ్లకీ ఐదే. మరి ఆగడమే తెలివైన పని కదా! ఈ సంగతి ఆమెకీ తెలుసు. అందుకే ఆమె కూడా చివరి రోజు దాకా బయటపెట్టదు.

"నాకు ప్రెషర్‌లోనే బాగా వస్తుంది బ్రో" అనేవాళ్లకి ఒక మాట. 1997లో డయాన్ టైస్, రాయ్ బామైస్టర్ స్టూడెంట్స్ మీద చేసిన స్టడీ ఒకటి వచ్చింది. సెమిస్టర్ మొదట్లో వాయిదా వేసేవాళ్లే హాయిగా ఉన్నారు. చివరికొచ్చేసరికి ఒత్తిడీ, అనారోగ్యమూ వాళ్లకే ఎక్కువ. మార్కులూ తక్కువే.

మన దగ్గర దెబ్బ ఇంకోచోట తగులుతుంది. అసైన్‌మెంట్ ఇచ్చిన యూనిట్లే మిడ్‌లోనూ ఉంటాయి. వాటిని చదవాల్సిన రాత్రంతా ఫోన్‌లో ఫొటో జూమ్ చేసి కాపీ కొట్టడంలో పోతుంది. ఐదు కోసం మిడ్ మార్కుల్ని వదులుకుంటున్నాం.

లెక్చరర్లు ఎవరైనా చూస్తుంటే ఒక రిక్వెస్ట్: రోల్ నంబర్‌ని బట్టి ప్రశ్నలు మార్చండి, సబ్జెక్టుకో వారం గడువు పెట్టండి. స్టూడెంట్స్ అయితే, ప్రశ్నలు ఇచ్చిన రోజే ఒక్కటి, ఒకే ఒక్కటి రాసి పడేయండి. మీ కాలేజీలో ఎలా ఉందో కామెంట్స్‌లో చెప్పండి.