కథల్లోని లోహం, నిజమైన కవచం

సైన్స్ ఫిక్షన్ కథల్లో ఒక వింత లోహం తరచు కనిపిస్తుంది. రేకంత పలుచగా ఉండి అన్ని వికిరణాలనూ ఆపేస్తుంది. అటువంటి లోహం నిజంగా ఎందుకు సాధ్యం కాదో ఈ భాగంలో తెలుసుకొందాం.

1. వికిరణాన్ని బట్టి కవచం

ఆల్ఫా కణాలను కాగితం ఆపుతుంది. బీటా కణాలకు కొన్ని మిల్లీమీటర్ల అల్యూమినియం చాలు. గామా కిరణాలు పదార్థంలోని ఎలక్ట్రాన్లతో చర్య జరిపి శక్తిని కోల్పోతాయి. కాబట్టి ఎలక్ట్రాన్లు కిక్కిరిసి ఉన్న సీసం వంటి సాంద్ర పదార్థం కావాలి. న్యూట్రాన్ల విషయం వేరు. సీసపు బరువైన కేంద్రకాన్ని ఢీకొన్నా వాటి వేగం పెద్దగా తగ్గదు. క్యారమ్ కాయ అంతే బరువున్న మరో కాయకు తగిలినట్లు, హైడ్రోజన్ కేంద్రకాన్ని ఢీకొన్నప్పుడే బాగా తగ్గుతుంది. అందుకే న్యూట్రాన్లకు నీరు, పాలిథీన్ మంచి కవచాలు. ఒకే పదార్థం అన్నిటికీ సరిపోదని గమనించండి.

2. అర్ధ మందం

గామా తీవ్రతను సగానికి తగ్గించే మందాన్ని ‘అర్ధ మందం’ అంటారు. కోబాల్ట్-60 గామా కిరణాలకు ఇది సీసంలో సుమారు 1.2 సెం.మీ., కాంక్రీటులో సుమారు 6 సెం.మీ. పది అర్ధ మందాలు దాటితే మిగిలేది 1/1024 వంతు. అంటే 12 సెం.మీ. సీసం చేసే పనిని 60 సెం.మీ. కాంక్రీటు చేస్తుంది. మందం పెంచేకొద్దీ తీవ్రత తగ్గుతుందే కాని సున్న కాదు. క్యాన్సర్ ఆసుపత్రుల్లో రేడియేషన్ చికిత్స గదులకు మందపాటి కాంక్రీటు గోడలుండేది ఇందుకే. వాడపల్లి, మేళ్లచెరువు ప్రాంతాల్లో తయారయ్యే సిమెంటు వంటి మామూలు సరుకే ఆ గోడలకు ఆధారం.

3. కవచం పనిచేయని చోటు

హాలియా నుంచి సాగర్ వైపు వెళితే లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతంలో యురేనియం నిక్షేపాలున్నాయి. తవ్వకాల ప్రతిపాదనపై 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. జలాశయం దగ్గరలో ఉండటం ప్రజల ప్రధాన ఆందోళన. ఆ ఆందోళనను శాస్త్రపరంగా ఎలా అర్థం చేసుకోవాలి? యురేనియం క్షయ శ్రేణిలో రేడియం నుంచి రేడాన్ వాయువు పుడుతుంది. దాని అర్ధాయువు 3.8 రోజులు. గాలితో, దుమ్ముతో, నీటితో శరీరంలోకి చేరిన రేడియోధార్మిక పదార్థానికి ఒంటిపై తొడిగిన సీసం అడ్డు కాదు. అక్కడ రక్షణ గనిలో గాలి ప్రసరణ, దుమ్ము అదుపు, నీటి పరీక్షలే. కాబట్టి ఏ ప్రాజెక్టు విషయంలోనైనా “కవచం ఉందా?” అని మాత్రమే కాక, “పదార్థం ఏ దారిన బయటికి వస్తుంది?” అని కూడా అడగాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

కోబాల్ట్-60 గామా తీవ్రతను 1/32 వంతుకు తగ్గించడానికి ఎన్ని సెంటీమీటర్ల సీసం కావాలి? అదే పనికి కాంక్రీటు ఎంత కావాలి?