రైలు రెండుగా విడిపోయే ఊరు

ఇంగ్లండ్ సరిహద్దు పట్టణం ష్రూస్‌బరీ నుంచి పడమటి సముద్రం వైపు బయల్దేరిన రైలు వేల్స్ కొండల్లో దూరి, గంట దాటాక ఒక చిన్న స్టేషన్‌లో ఆగుతుంది. అక్కడ దాని పెట్టెలను రెండుగా విడదీస్తారు. ఒక సగం నేరుగా సముద్రపు ఒడ్డునున్న అబరిస్‌ట్విత్‌కి పోతుంది. రెండో సగం తీరం వెంబడి ఉత్తరానికి తిరిగి, హార్లెక్ మీదుగా పుల్‌హెలి దాకా వెళ్తుంది. ఏ పెట్టెలో ఎక్కామో చూసుకోకపోతే ఒక ఊరికని బయల్దేరి మరో ఊళ్లో దిగాల్సివస్తుంది.

ఆ స్టేషన్ పేరు మహన్‌హ్లెత్. పేరు మధ్యలో జంటగా వచ్చే ‘ల’కారాన్ని రాయడానికి తెలుగులో అక్షరం లేదు. నాలుకను ‘ల’ పలికే చోటే ఆనించి, గొంతు కలపకుండా, గాలిని మాత్రం పక్కల నుంచి వదిలితే ఆ ధ్వని వస్తుంది. నేను రాసింది దానికి దగ్గరి పోలిక మాత్రమే.

1404లో ఈ ఊళ్లోనే ఒవైన్ గ్లిన్‌డూర్ అనే తిరుగుబాటు నాయకుడు తన ప్రజల సభను కూర్చోబెట్టాడు. ఇప్పుడు రైలు చీలి వెళ్లే రెండు దారుల్లోనూ ఒక్కో రాతికోట ఉంది. వేల్స్‌ను అణచి ఉంచడానికి ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ కట్టించిన కోటలవి. సభ జరిగిన ఆ 1404లోనే రెండూ గ్లిన్‌డూర్ వశమయ్యాయి. అందుకే అతని కథ తెలుసుకోవడానికి ఈ ప్లాట్‌ఫారానికి మించిన చోటు లేదనిపిస్తుంది నాకు.

స్టేషన్ దాటి నడిస్తే గడియార స్తంభం, దాని పక్కన మైన్‌గ్విన్ వీధి. రెండు వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరు. 1291లో వచ్చిన రాజపత్రం ప్రకారం ఇక్కడ సంత జరుపుకునే హక్కు ఉంది. ఈనాటికీ ప్రతి బుధవారం ఆ వీధి పొడవునా అంగళ్లు వెలుస్తాయి. ఆ వీధిలోనే బండరాళ్లతో కట్టిన పాత ఇల్లొకటుంది, దాన్ని పార్లమెంటు భవనం అంటారు. అయితే అందులోని దూలాలను పరీక్షిస్తే ఆ చెట్లు 1470 ప్రాంతంలో నరికినవని తేలింది. అంటే సభ జరిగాక అరవై ఏళ్లకు పైగా గడిచాక కట్టిన ఇల్లది. సభ కూర్చున్న ఇల్లు నిలవలేదు, ఆ జ్ఞాపకం మాత్రం వచ్చి ఈ ఇంట్లో చేరింది. ఊరివాళ్ల గౌరవానికి ఇందువల్ల లోటేమీ రాలేదు, రావలసిన పనీ లేదు. గ్లిన్‌డూర్‌కు సంబంధించి ఏ చోటికి వెళ్లినా ఇంతే. అసలుది కాలిపోయో కూలిపోయో ఉంటుంది, జనం మాత్రం ఆ చోటును విడిచిపెట్టరు.

అతను పుట్టు తిరుగుబాటుదారు కాడు. తండ్రి వైపు పొవిస్ ఏలికల వంశం, తల్లి వైపు దక్షిణాదిన డెహైబార్త్ ఏలికల వంశం. మామగారు డేవిడ్ హన్మర్ ఇంగ్లండ్ రాజుగారి న్యాయస్థానంలో న్యాయమూర్తి. గ్లిన్‌డూర్ కూడా లండన్‌లో న్యాయవిద్య చదివాడంటారు. ఇంగ్లిష్ సైన్యంతో కలిసి స్కాట్లండ్ మీద దండయాత్రకూ వెళ్లాడు. సరిహద్దుకు కూతవేటు దూరంలో సఖార్థ్ అనే మట్టిదిబ్బ మీద అతని ఇల్లుండేది. చుట్టూ నీటి కందకం. కవి యోలో గోఖ్ ఆ ఇంటి మీద ఒక ప్రశంసాకావ్యం రాశాడు. పెంకు కప్పు, పొగగొట్టం, పండ్లతోట, ద్రాక్షతోట, మర, పావురాల గూడు, చేపల చెరువు అన్నీ అందులో కనిపిస్తాయి. ఆ ఇంట తలుపు గడియ పడడం అరుదనీ, ఆకలిదప్పులన్న మాటే వినబడదనీ కవి చెబుతాడు. పోషకుడి మీద రాసిన కావ్యం కాబట్టి కొంత పెంచి చెప్పి ఉండొచ్చు. కానీ 1960ల మొదట్లో తవ్వకాలు జరిపినప్పుడు ఆ దిబ్బ మీద ఇళ్ల ఆనవాళ్లు దొరికాయి. వాటితోపాటు మసి కూడా దొరికింది.

ఇంత కలిగిన ఇంటివాడు, నలభై దాటినవాడు, కత్తి ఎందుకు పట్టాడు? పొరుగున రిథిన్ జమీను రెజినాల్డ్ గ్రేది. అతనితో పొలం తగాదా వచ్చింది. స్కాట్లండ్ యుద్ధానికి రమ్మని రాజు పంపిన పిలుపును గ్రే కావాలనే ఆలస్యంగా అందజేసి, ఒవైన్ మీద రాజద్రోహి ముద్ర పడేలా చేశాడని చెబుతారు. తిరుగుబాటుకు ముందటి ఏడాదే రెండో రిచర్డ్‌ను దించి నాలుగో హెన్రీ గద్దెనెక్కాడు. కొత్త రాజు గ్రేకు మిత్రుడు. కానీ గట్టు తగాదాతో ఒక దేశం లేవదు. 1282లో చివరి స్వతంత్ర ఏలిక లెవెలిన్ చనిపోయాక వేల్స్ జనం దాదాపు నూట ఇరవై ఏళ్లపాటు పన్నులు కడుతూనే ఉన్నారు. కోటల నీడన వెలిసిన పట్టణాల్లో వ్యాపార హక్కులు ఇంగ్లిష్‌వాళ్లవి, బయటి పొలాల్లో చాకిరీ వీళ్లది. గ్లిన్‌డూర్ లేచాడని వినగానే ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతున్న వేల్స్ విద్యార్థులు, ఇంగ్లండ్ పొలాల్లోని కూలీలు పనులు వదిలి ఇంటిదారి పట్టారు. ఈ సంగతి 1401లో ఇంగ్లిష్ పార్లమెంటులోనే ఫిర్యాదుగా నమోదైంది.

1400 సెప్టెంబరు 16న డీ నది ఒడ్డున గ్లిన్‌డవర్‌డూయ్‌లో అనుచరులు అతన్ని ‘తవసోగ్’గా ప్రకటించారు. ముందుండి నడిపేవాడని ఆ మాటకు అర్థం. ఇంగ్లిష్‌లో దాన్నే ప్రిన్స్ అంటారు. అప్పటికే ఆ బిరుదు ఇంగ్లండ్ రాజు కొడుక్కి ఉంది. అలా ఒకే నేలకు ఇద్దరు ప్రిన్సులయ్యారు. ఒకడు నెరిసే గడ్డంవాడు, మరొకడు పద్నాలుగేళ్లు నిండుతున్న కుర్రాడు. ఆ కుర్రాడే తర్వాత అయిదో హెన్రీ అయ్యాడు. 1403 మేలో అతనే సైన్యంతో సఖార్థ్ మీదికి వచ్చాడు. ఇంట్లో ఎవరూ లేరు. ఇల్లు తగలబెట్టించి, గ్లిన్‌డవర్‌డూయ్‌లోని రెండో ఇంటికీ నిప్పు పెట్టించి, చేసిన పనంతా ఉత్తరంలో రాశాడు. తవ్వకాల్లో బయటపడ్డ మసి ఆ నాటిదే.

తిరుగుబాటు తొలి ఏళ్లు అతనికి కలిసొచ్చాయి. 1401 గుడ్ ఫ్రైడే నాడు కాన్‌వీ కోట కావలివాళ్లు ప్రార్థనకు వెళ్లిన వేళ, తల్లి వైపు నుంచి అతనికి బంధువులైన ట్యూడర్ సోదరులు కోటను పట్టేశారు. ఆ ఏడాదే మహన్‌హ్లెత్‌కు దక్షిణాన, పిమ్‌లిమాన్ కొండల్లోని హద్‌గెన్ లోయలో గ్లిన్‌డూర్ తనకంటే పెద్ద సేనను ఓడించాడు. అక్కడ రెండు తెల్లరాళ్లున్నాయి. వాటిని గ్లిన్‌డూర్ ఒప్పందపు రాళ్లంటారు. 1402 జూన్ 22న బ్రిన్ గ్లాస్ కొండ దగ్గర ఎడ్మండ్ మోర్టిమర్ బందీగా దొరికాడు. ఇంగ్లండ్ గద్దె మీద హక్కున్న వంశం అతనిది. రాజు సొమ్ము కట్టి విడిపించలేదు. మోర్టిమర్ పక్షం మారి, గ్లిన్‌డూర్ కూతురు కాట్రిన్‌ను పెళ్లాడాడు.

ఆ సెప్టెంబరులో రాజు పెద్ద సేనతో వచ్చాడు. వాన, వడగండ్లు, గాలి. గుడారం రాజు మీదే కూలింది. కవచంతో పడుకున్నాడు కాబట్టి బతికాడని చరిత్రకారులు రాశారు. గ్లిన్‌డూర్ మంత్రగాడన్న ప్రచారం అప్పుడే మొదలైంది. దాదాపు రెండు వందల ఏళ్లకు షేక్‌స్పియర్ ‘నాలుగో హెన్రీ’ నాటకంలో ఆ మంత్రగాణ్ణే రంగస్థలం మీదికి తెచ్చాడు. లోకం ఎరిగిన గ్లిన్‌డూర్ చాలాకాలం ఆ నాటకంలోని మనిషే. దీనివల్ల అతనికి గట్టి అన్యాయమే జరిగిందని నేననుకుంటాను. ఎందుకంటే అతని అసలు ఘనత గాలివానలో లేదు, కాగితం మీద ఉంది.

ఓడిపోతున్న ఇంగ్లండ్ ఈలోగా కఠినమైన చట్టాలు చేసింది. వేల్స్‌వాడు ఆయుధం పట్టకూడదు, పదవి చేయకూడదు, ఇంగ్లిష్ పట్టణాల్లో ఆస్తి కొనకూడదు, గుంపుగా కూడకూడదు. వేల్స్ పిల్లను పెళ్లాడిన ఇంగ్లిష్‌వాడికీ పదవి దక్కదు. కూడకూడదన్న ఆ రోజుల్లోనే గ్లిన్‌డూర్ మహన్‌హ్లెత్‌లో సభ పెట్టాడు. ఫ్రాన్స్, స్కాట్లండ్, కాస్టీల్ దూతల సమక్షంలో ఇక్కడే అతనికి పట్టాభిషేకం జరిగిందని ఊరి నమ్మకం. ఆ ఏడాది జూలై 14న పారిస్‌లో అతని రాయబారులు గ్రఫిద్ యంగ్, జాన్ హన్మర్ ఫ్రాన్స్ రాజుతో ఒడంబడిక మీద సంతకాలు చేశారు. మర్నాటి ఏడాది హార్లెక్‌లో మరో సభ జరిగింది. దానికి తన ఏలుబడిలోని ప్రతి తాలూకా నుంచి నలుగురేసి రావాలని కబురు పెట్టాడు.

మహన్‌హ్లెత్‌కు నాలుగు మైళ్ల దూరంలో, డవ్వి నదికి అవతలి గట్టున పెనల్ అనే పల్లె ఉంది. ఒక గుడి, కొద్దిపాటి ఇళ్లు. 1406 మార్చి 31న అక్కడి నుంచి ఫ్రాన్స్ రాజు ఆరో చార్లెస్‌కు ఒక ఉత్తరం వెళ్లింది. అప్పట్లో క్రైస్తవలోకానికి ఇద్దరు పోపులుండేవారు, రోమ్‌లో ఒకరు, అవిన్యోన్‌లో ఒకరు. ఫ్రాన్స్ అవిన్యోన్ పక్షం. మేమూ ఆ పక్షానికే వస్తాం, బదులుగా ఇవి కావాలి అని గ్లిన్‌డూర్ అడిగాడు. కాంటర్‌బరీ పెత్తనం తొలగి సెయింట్ డేవిడ్స్ కేంద్రంగా సొంత మతపీఠం ఉండాలి. గుళ్లలో నియమించే అర్చకులకు వేల్స్ భాష వచ్చి ఉండాలి. ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి, రెండు విశ్వవిద్యాలయాలు పెట్టాలి. ఇల్లు బూడిదై మూడేళ్లు కావస్తోంది. సొంత తమ్ముడు యుద్ధంలో పోయాడు, కొడుకు ఇంగ్లిష్ చెరలో ఉన్నాడు. సాయానికొచ్చిన ఫ్రెంచి సేన వూస్టర్ దరిదాపుల దాకా వెళ్లి, యుద్ధం చేయకుండానే వెనుదిరిగింది. ఇన్ని దెబ్బల మధ్య ఆ మనిషి కోరింది చదువుకునే చోట్లు, అమ్మభాష తెలిసిన అయ్యవార్లు. ఈ ఒక్క ఉత్తరం చాలు, అతన్ని మిగతా తిరుగుబాటుదారుల నుంచి వేరుచేసి చూడడానికి.

ఆ కోరికలేవీ అప్పుడు తీరలేదు. ఇప్పుడు అబరిస్‌ట్విత్ పెట్టె ఎక్కి చివరిదాకా వెళ్తే, సముద్రపు అంచున ఎడ్వర్డ్ కోట శిథిలాలుంటాయి. గ్లిన్‌డూర్ పట్టిన కోటే, 1408లో చేజారింది. దాన్ని ఆనుకుని, హోటలుగా మొదలై పూర్తికాని భవనంలో, 1872లో వేల్స్‌లో తొలి విశ్వవిద్యాలయ కళాశాల తెరుచుకుంది. పేదవాళ్లు పెన్నీ పెన్నీ పోగేసి ఇచ్చిన చందాలు దాన్ని నిలబెట్టాయి. తర్వాత దక్షిణాన కార్డిఫ్, ఉత్తరాన బాంగర్. ఉత్తరం రాసి అప్పటికి నాలుగు వందల అరవై ఏళ్లు దాటిపోయాయి. ఆ ఉత్తరాన్ని పారిస్‌లో భద్రపరిచారు. 2000లో దాన్ని అబరిస్‌ట్విత్ జాతీయ గ్రంథాలయానికి తెచ్చి ప్రదర్శించారు.

రెండో పెట్టె హార్లెక్ కొండ కిందే ఆగుతుంది. ఒకప్పుడు సముద్రం కోట పాదాల దాకా ఉండేది, ఇప్పుడు ఇసుకను వదిలి దూరం జరిగింది. గ్లిన్‌డూర్ కుటుంబం ఇక్కడే కాపురముంది. ఇక్కడి మట్టిలో దొరికిన గుర్రపు జీను బిళ్ల మీద అతని నాలుగు సింహాల చిహ్నం ఉంది. 1409లో చలికాలపు ముట్టడిలో ఆకలికి కోట లొంగింది. మోర్టిమర్ లోపలే చనిపోయాడు. గ్లిన్‌డూర్ భార్య మార్గరెట్, కాట్రిన్, ఆమె పిల్లలు పట్టుబడి లండన్ టవర్‌కు చేరారు. అతను మాత్రం దొరకలేదు.

ఆ తర్వాత కొండల్లో మనిషే. 1412లో చివరిసారి కనిపించాడు. 1415లో చనిపోయి ఉంటాడని చరిత్రకారుల అంచనా. రాత్రివేళ పూడ్చారనీ, శత్రువులకు జాడ తెలిసిందని మరోచోటికి మార్చారనీ ఆ కాలపు చరిత్రకారుడు ఆడమ్ ఆఫ్ అస్క్ రాశాడు. హెర్‌ఫర్డ్‌షైర్‌లో మరో కూతురు అలిస్ అత్తవారింటి దగ్గరే ఉన్నాడని కొందరంటారు. గుహలో నిద్రపోతున్నాడని మరికొందరంటారు. వెలె క్రూసిస్ మఠాధిపతి తెల్లవారుజామున కొండ మీద అతనికి ఎదురుపడ్డాడనీ, ఇంత పెందలాడే లేచారేమని ఒవైన్ అడిగితే, వందేళ్లు ముందుగా లేచింది మీరేనని ఆయన బదులిచ్చాడనీ ఒక కథ ఉంది. దాన్ని పదహారో శతాబ్దంలో రాసుకున్నారు. అప్పటికి ట్యూడర్లే ఇంగ్లండ్‌ను ఏలుతున్నారు, కాన్‌వీ కోట పట్టిన ఆ సోదరుల ఇంటివాళ్లే.

గద్దెనెక్కిన అయిదో హెన్రీ 1415లో క్షమాభిక్ష పంపాడు. మర్నాటి ఏడాది కొడుకు మరెడిద్ ద్వారా మళ్లీ పంపాడు. జవాబు రాలేదు. అతను దాక్కున్న ఏళ్లలో రాజు ఇచ్చే బహుమానానికి ఆశపడి అతన్ని పట్టిచ్చినవాడు ఒక్కడూ లేడు. ఊళ్లు కాలి, పొలాలు బీడుపడి, ఆ తిరుగుబాటు వల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోయినవాళ్లు ఆ జనమే. అయినా ఎవరూ నోరు విప్పలేదు.

కాట్రిన్ 1413లో కూతుళ్లతో పాటు లండన్‌లోనే చనిపోయింది. ఖజానా లెక్కల్లో వాళ్ల అంత్యక్రియలకు ఒక పౌండు ఖర్చు రాసి ఉంది. సెయింట్ స్విథిన్ చర్చిలో సమాధి చేశారు. ఆ చర్చి రెండో ప్రపంచ యుద్ధపు బాంబులకు బాగా దెబ్బతింది, తర్వాత దాన్ని కూల్చేశారు. కానన్ స్ట్రీట్ స్టేషన్‌కు దగ్గర్లో, ఆఫీసు భవంతుల నడుమ, ఆ స్థలంలో చిన్న తోట మిగిలింది. 2001లో అక్కడ కాట్రిన్ పేరిట ఒక రాతి స్మారకం నిలిపారు. దాని కోసం రాయి వేల్స్ నుంచి వచ్చింది.