దమ్ము ఎప్పుడొస్తున్నదమ్మా?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి వచ్చిన మనలో చాలామందికి ఇంటికి ఫోన్ చేసినప్పుడు వినబడే మాట ఒకటుంది: "ఏం లేదు బిడ్డా, జరంత దమ్మొస్తున్నది. వయసైంది గదా." ఆ మాటను అక్కడితో వదిలేయొద్దని చెప్పడానికే ఈ వ్యాసం. నాలుగడుగులకే ఆయాసపడేలా చేసేది ఉత్త వయసు కాదు. ఊపిరితిత్తులో, గుండో, రక్తహీనతో, ఏదో ఒక కారణం ఉంటుంది. "ఎప్పుడొస్తున్నదమ్మా?" అని అడిగితే ఆ కారణానికి సగం దారి దొరుకుతుంది.

రాత్రి రెండుమూడు గంటలకు, తెల్లవారుజామున దగ్గుతో లేచి కూర్చుంటున్నారా? ఛాతీలో పిల్లికూతలు వినబడి, పగటికల్లా మామూలైపోతున్నారా? అయితే ముందు ఉబ్బసాన్ని (ఆస్తమా) అనుమానించాలి. అది వచ్చిపోతూ ఉండే జబ్బు. దుమ్ము, పొగ, సర్ది, చలిగాలి దాన్ని రేపుతాయి. కోరుట్ల, మెట్‌పల్లి వైపు అరుగుల మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు ఒక్క బీడీ కాల్చకపోయినా రోజంతా తంబాకు దుమ్ము పీలుస్తూనే ఉంటారు. తంబాకు చాట పడుకునే గదిలోనే ఉంటే, ఆ దుమ్ము పక్కన నిద్రపోయే పిల్లలకూ చేరుతుంది. కూలి మానుకొమ్మని చెప్పే హక్కు మనకు లేదు. చాటను గాలి ఆడే అరుగు మీదికి మార్చడం, మూతికి గుడ్డ కట్టుకోవడం, పని అయ్యాక తడిగుడ్డతో నేల తుడవడం మాత్రం వాళ్ల చేతిలో ఉన్నవే. చీపురుతో ఊడిస్తే ఆ దుమ్మే మళ్లీ లేస్తుంది.

ఉబ్బసానికి మందు కన్నా మందు మీది భయమే మనవైపు పెద్ద అడ్డంకి. "ఇన్‌హేలర్ అలవాటైతే ఇక విడవదు" అంటారు. లెక్క చూడండి. సాల్‌బుటమాల్ మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములు. అదే మందు ఇన్‌హేలర్‌లో ఒక పీల్పుకు 100 మైక్రోగ్రాములు. ఒక మాత్రలో నలభై పీల్పుల మందుందన్నమాట, పైగా అది ఒళ్లంతా తిరిగి గుండెదడ, చేతుల వణుకు తెస్తుంది. పీల్చే మందు నేరుగా చేరాల్సిన చోటికే చేరుతుంది. అయితే దమ్ము వచ్చినప్పుడు మాత్రమే సాల్‌బుటమాల్ పీల్చి ఊరుకోవడం కూడా మంచిది కాదు. లోపలి వాపును తగ్గించే స్టెరాయిడ్ పీల్చే మందు లేకుండా అదొక్కటే వాడొద్దని, ఆస్తమా మార్గదర్శకాలు ఇచ్చే అంతర్జాతీయ సంస్థ గీనా 2019లోనే చెప్పింది. పీల్చాక పది సెకన్లు ఊపిరి బిగపట్టాలి, స్టెరాయిడ్ మందైతే నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. స్ప్రే ఇన్‌హేలర్‌కు స్పేసర్ గొట్టం జోడిస్తే పెద్దవాళ్లకు, పిల్లలకు చాలా తేలికవుతుంది.

మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఇచ్చే చేప మందు కోసం మన ఊళ్ల నుంచీ పోతారు. నమ్మకంతో పోయేవారిని నేను తప్పుపట్టను. కానీ అది ఉబ్బసాన్ని నయం చేస్తుందని శాస్త్రీయ పరీక్షల్లో తేలలేదు. చేప మింగిన నాటి నుంచి ఇన్‌హేలర్ పక్కన పడేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

దమ్ము వచ్చిపోవడం కాక, ఏటేటా కొంచెం కొంచెంగా పెరుగుతున్నదంటే సంగతి వేరు. నిరుడు మెట్లెక్కిన మనిషి ఈ ఏడు మెట్ల దగ్గర ఆగుతున్నాడు, పొద్దున్నే తెమడ పడుతున్నది. ఇది ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు సీఓపీడీ కావచ్చు. బీడీ, సిగరెట్ దీనికి పెద్ద కారణాలు. అయితే పొగ తాగని మన అమ్మలకూ, అమ్మమ్మలకూ ఇది వస్తుంది. గ్యాస్ పొయ్యిల కోసం దీపం పథకం మొదలైందే 1999లో. అప్పటికే వాళ్లు ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊదిన వాళ్లు. దీన్ని తేల్చేది స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి బలంగా ఊదే చిన్న పరీక్ష. ఎక్స్‌రే మామూలుగా ఉన్నా ఇందులో జబ్బు బయటపడుతుంది. పోయిన ఊపిరి పూర్తిగా తిరిగి రాదు గానీ, పొగ మానేస్తే మిగిలింది తరిగే వేగం తగ్గుతుంది. ముక్కుతో పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి నెమ్మదిగా వదలడం నేర్చుకుంటే నడక సులువవుతుంది. ఏటా ఫ్లూ టీకా, డాక్టర్ సలహాతో న్యూమోనియా టీకా వేయించాలి.

సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) దగ్గర ఇంకో ప్రశ్న అడగాలి: సెలవు తర్వాత పనిలో దిగిన మొదటి రోజే ఛాతీ బిగుసుకుంటున్నదా? పత్తి దుమ్ముతో వచ్చే బిస్సినోసిస్ లక్షణం అది. ఇంగ్లండులోని లాంకషైర్ నూలు మిల్లుల కార్మికులు దీన్ని సోమవారం నాడే ఎక్కువగా అనుభవించేవారు. సిరిసిల్లలో ఎక్కువగా నడిచేది పాలిస్టర్ కాబట్టి అందరికీ ఇది ఉంటుందనలేం. నూలు బట్ట నేసేవాళ్లు, పడుగు తయారుచేసే వార్పిన్ దగ్గర పనిచేసేవాళ్లు గమనించాలి.

ఇక గల్ఫ్. జగిత్యాల జిల్లాలో గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు అరుదు. వీసా మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, పాత టీబీ మచ్చ కనబడ్డా అన్‌ఫిట్ అనే ప్రమాదం ఉంది. ఆ భయంతో దగ్గును దాచిపెట్టే తమ్ముళ్లున్నారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, తెమడలో నెత్తురు, వీటిలో ఏది కనబడ్డా తెమడ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆస్పత్రిలో పరీక్ష ఉచితం, మందులు ఉచితం. మామూలు టీబీకి ఆరు నెలలు వాడితే నయమవుతుంది. మధ్యలో మానేస్తే మందులకు లొంగని టీబీ తయారవుతుంది. పోషణ కోసం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి అది 1000 అయింది. వీసా పోతుందని దాస్తే, ఒకే గదిలో పడుకునే పదిమందికీ అంటుకుంటుంది.

గల్ఫ్‌లో రాయి కోసిన, ఇసుకతో ఇనుము రుద్దిన పని చేసి వచ్చినవాళ్లు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్ పని మానిన ఏళ్ల తర్వాత కూడా బయటపడుతుంది, టీబీ ముప్పునూ పెంచుతుంది.

ఒకప్పుడు వీటికోసం కరీంనగరో, హైదరాబాద్ ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రో పోవాల్సి వచ్చేది. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ఈసారి ఊరికి పోయినప్పుడు అమ్మానాన్నలను ముందు అక్కడికే తీసుకెళ్లి, ఛాతీ డాక్టరును కలిసి, ఊదే పరీక్ష ఎక్కడ చేయించాలో అడగండి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ కొనిచ్చి నిశ్చింతగా ఉండొద్దు. ఉబ్బసం ముదిరేదాకా అందులో అంకె బాగానే కనబడవచ్చు. ఒక్క వాక్యం పూర్తి చేయలేక మధ్యలో ఆగుతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా, ఇన్‌హేలర్ పీల్చినా తగ్గకపోయినా, ముందుకు వంచి కూర్చోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయమని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.