గంట కంచుది, బిందె ఇత్తడిది: ఎందుకు?

మండవల్లిలో గుడిగంట కొట్టి చూడండి, ఖంగుమన్న మోత చాలాసేపు నిలుస్తుంది. ఇత్తడి బిందె మీద కొడితే చప్పుడు త్వరగా అణగిపోతుంది. రెండింటిలోనూ ఎక్కువ భాగం రాగే! ఈ తేడాకు ఒక ముఖ్య కారణం వాటిలో కలిపిన రెండో లోహం.

గంట కంచులో సుమారు 78 శాతం రాగి, 22 శాతం తగరం ఉంటాయి. తగరం పరమాణువు రాగి పరమాణువు కంటే బాగా పెద్దది. అది రాగి పరమాణువుల పొరల్లో ఇరుక్కుని వాటిని తేలిగ్గా జారనివ్వదు. పైగా అంత తగరం కలిస్తే లోపల గట్టి, పెళుసు స్ఫటికాలు ఏర్పడతాయి. పొరలు కదలవు కాబట్టి దెబ్బ శక్తి లోపల వృథా కాకుండా కంపనంగానే మిగులుతుంది. అదే మనకు వినిపించే మోత. ఆ పెళుసుదనం వల్లే గంట కింద పడితే సొట్టపోదు, పగలవచ్చు.

ఇత్తడిలో కలిపేది జింకు, తరచుగా 30 శాతం. దాని పరమాణువు రాగికి దగ్గరి పరిమాణంలోనే ఉంటుంది. పొరలు తేలిగ్గా జారతాయి, రేకు విరగకుండా సాగుతుంది. ఇత్తడి సామానుకు పేరుపడ్డ అజ్జరంలాంటి ఊళ్లలో బిందెను సుత్తితో మలచగలిగేది ఈ గుణం వల్లే.

ఇత్తడికి ఒక బలహీనత ఉంది: ఉప్పు నీరు. ఎండాకాలంలో ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు కొల్లేరు సరస్సులోకి ఎగదన్నుతుంది. అలాంటి ఉప్పు నీటిలో నానిన ఇత్తడి నుంచి జింకు మెల్లగా కరిగిపోయి, గుల్లబారిన ఎర్రటి రాగి మిగులుతుంది. తగరపు కంచులో కరిగిపోయే జింకు లేదు. ఓడల్లో ఉప్పునీటి పంపులకు కంచు రకాలను ఎంచుకోవడానికి అదొక కారణం.