ముద్రణయంత్రపు గాలి సిలిండర్లు: నూనెకు ముందు నీటి సంగతి

స్క్రీన్ ప్రింటింగ్ అనగానే మన విద్యార్థులకు చెక్క చట్రము, దానిపై బిగించిన సన్నని వల, సిరాను లాగే రబ్బరు పలక జ్ఞాపకానికి వస్తాయి. శుభలేఖలు, జెండాలు, బనియన్లు చేతితో అచ్చువేసే చోట్ల నేటికీ ఇవే పనిముట్లు. పని పెరిగిన ముద్రణశాలలలో మాత్రం చట్రాన్ని ఎత్తి దించుటకు, స్క్వీజీ అనబడే ఆ రబ్బరు పలకను వలపై అదిమి ఉంచుటకు గాలితో నడిచే సిలిండర్లను అమర్చుతారు. చేయి అలసిపోతుంది గాని గాలి అలసిపోదని యజమానుల ధీమా. గాలి మాట ఎట్లున్నా, సిలిండరుకు జబ్బులున్నాయి. మన విశాఖపట్నం వంటి సముద్రతీర నగరంలో వాటిలో మొదటిది నీటివలన వచ్చేదే.

సిలిండరు నిర్మాణము జటిలమైనది కాదు. నున్నని గొట్టము, అందులో పిస్టన్, దాని చుట్టూ రబ్బరు సీళ్లు, బయటకు వచ్చే ఉక్కు కడ్డీ. ఒక వైపు గాలి నింపితే పిస్టన్ జరుగుతుంది. రెండవ వైపు గాలి బయటకు పోతుంది. సీలు గొట్టపు గోడను నేరుగా రాచుకొనదు. పలుచని నూనె పొరపై జారుతుంది. ఆ పొర పోయిననాడు పిస్టన్ ఒక క్షణం పట్టుకొని, వెనుక గాలి ఒత్తిడి పెరగగానే ఒక్కసారిగా దూకుతుంది. స్క్వీజీ ఆ విధంగా కుదుపులతో కదిలితే అచ్చులో సిరా చారలు తేలుతాయి.

ఇక నీరు ఎక్కడిది? ఒక చిన్న లెక్క వేయుదము. 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే ఇముడ్చుకొనగలదు. తేమ 80 శాతమున్న రోజున ప్రతి ఘనమీటరులో 24 గ్రాములుంటాయి. ఏడు కిలోల పీడనానికి నొక్కితే ఎనిమిది ఘనమీటర్ల గాలి ఒక్కదానిలో ఒదుగుతుంది. ఆ ఎనిమిదింటి ఆవిరి 192 గ్రాములు; గాలి మరల చల్లబడినపుడు నిలువగలది 30 గ్రాములే. తక్కిన 160 గ్రాములు, అనగా ఒక గ్లాసెడు నీరు, టాంకులోను పైపులలోను పడవలసిందే. చిన్న కంప్రెసరు సైతం గంట గంటన్నరలో అంత గాలిని పీల్చగలదు! పెద్ద కర్మాగారాలలో గాలిని చల్లార్చి ఆరబెట్టే యంత్రాలుంటాయి; చిన్న ముద్రణశాలకు ఆ భాగ్యము అరుదు.

నగరంలోని ఒక ముద్రణశాలకు మేము వెళ్లినపుడు అక్కడి సిలిండరు ఇట్లే కుదుపుతున్నది. పనివాడు ప్రతి ఉదయం గొట్టము ఊడదీసి మోటారు ఇంజను నూనె పోస్తున్నాడు. అచ్చుపై గుండ్రని తెల్లమచ్చలు వస్తున్నందున తప్పంతా సిరాదని తేల్చి రెండు డబ్బాలు మార్చారు. టాంకు అడుగు కుళాయి విప్పిచూడగా తుప్పురంగు నీరు ధారగా వచ్చింది. నీరు సిలిండరులోని గ్రీజును కడిగివేసింది. పోసిన నూనె, బయటకు పోయే గాలితో తుంపరగా లేచి కాగితాలపై పడింది. నూనె అంటిన చోట సిరా నిలువక మచ్చలైనది. ఆ పిల్లవాని జీతంలో చెడిన కాగితాల ఖరీదు అప్పటికే కోసివేశారు. మాకు బాధ కలిగించినది ఈ విషయమే.

కనుక ముందు నీరు తీయవలెను. టాంకును ప్రతిదినము, వానకాలంలో పూటపూటకు ఖాళీ చేయవలెను. ప్రధాన పైపును కొంచెం వాలుగా వేసి, యంత్రానికి పోయే శాఖను దాని పైభాగం నుండి తీసుకొంటే నీరు క్రిందనే ఉండిపోతుంది. ఫిల్టరు గిన్నెను థిన్నరుతో కడుగుట మన ముద్రణశాలలలో తరచు జరిగే పొరపాటు. పారదర్శకమైన ఆ ప్లాస్టిక్ గిన్నె థిన్నరు తగిలితే కంటికి కనబడని బీటలు వారి, పీడనం క్రింద పగిలి ముఖం మీద పడగలదు. సబ్బునీరు చాలు.

తరువాతనే నూనె. ఇటీవలి సిలిండర్లు చాలావరకు కర్మాగారంలోనే గ్రీజు పూసి వస్తాయి. వాటికి నూనె అక్కరలేదు. ఒకసారి నూనె ఇవ్వ మొదలిడితే అది గ్రీజును కడిగివేయును గనుక ఇక ఎన్నటికీ మానరాదు. నూనె కోరే యంత్రానికి 32 తరగతి పలుచని ఖనిజ నూనె తగును. ఇంజను నూనెలోని రసాయనాలు కొన్ని సీళ్లను ఉబ్బిస్తాయి. నూనెను చుక్కలుగా గాలిలో కలిపే లూబ్రికేటరు సిలిండరుకు చేరువలో ఉండవలెను. దూరమైతే తుంపర దారిలోనే పైపు గోడలకు అంటుకొంటుంది. గాలి బయటకు పోయే రంధ్రము ముందు తెల్లకాగితం పట్టిచూడండి. లేత మరక సరిపోయినదని గుర్తు. చుక్కలు పడితే ఎక్కువైనట్లు.

కడ్డీపై ఎండిన సిరాను బ్లేడుతో గీకరాదు. గీత పడిన కడ్డీ సీలును ప్రతి కదలికలోను కోస్తుంది. థిన్నరు గుడ్డతో తుడిచినా నూనె పొర పోతుంది, సీలు గట్టిపడుతుంది. సిరా ఆరకముందే పొడిగుడ్డతో తుడుచుట మేలు. కొత్త సీలు సైతం నెలలలోనే ఒకవైపు అరిగితే దోషము సీలుది కాదు, సిలిండరు వంకరగా బిగించబడినదన్నమాట.

వీటన్నిటికంటె ముఖ్యమైనది చేతుల రక్షణ. గాలి కుళాయి కట్టివేసినంత మాత్రాన పైకెత్తిన చట్రము నిలిచి ఉండదు. లోపలి గాలి జారగానే కూలుతుంది. లోపల గాలి మిగిలి ఉన్నా, ఎవరైనా తెలియక పెడలు త్రొక్కితే కదులుతుంది. చట్రము క్రింద దిమ్మ పెట్టి, గాలి కట్టివేసి, మిగిలిన గాలిని వదలి, పీడన ముల్లు సున్నకు వచ్చినదని చూచుకొన్న పిమ్మటనే చేయి పెట్టవలెను. మేము చూచిన ముద్రణశాలలో ఇప్పుడు ఆ చెక్కదిమ్మను ఎవరూ ఎత్తుకొనిపోకుండ యంత్రపు కాలికి గొలుసుతో కట్టి ఉంచారు.