గడియారముల పరిశ్రమ – మారిన ఉద్యోగములు

ప్రతి ఉదయమును చేతిగడియారమునకు కీ యిచ్చుట నేటి పిల్లలలో పెక్కుమంది యెరుగరు. ఈ చిన్న మార్పు కర్ణాటకమున ఎందరి ఉద్యోగములను తారుమారు చేసినదో మనము చూతము.

నాటి మైసూరు రాష్ట్రమున 1961లో హెచ్.ఎం.టి. సంస్థ, జపానుకు చెందిన సిటిజన్ కంపెనీ సహకారముతో, బెంగుళూరున గడియారముల కర్మాగారమును నెలకొల్పినది. కీ గడియారమున నూటికి పైగా భాగములుండును. వెంట్రుకవంటి స్ప్రింగును సన్నని పట్టకారుతో పట్టి, భూతద్దము క్రింద చూచుచు అమర్చవలెను. అది పుస్తకములవలన వచ్చు విద్య కాదు, వ్రేళ్లకు అలవడవలసినదే. ఆ కూర్పు బల్లలకడ స్త్రీలు పెక్కుమంది పనిచేసిరి.

1969లో జపానున క్వార్ట్జ్ చేతిగడియారము వెలువడినది. స్ఫటికపు కంపనమే కాలమును కొలుచుటచే భాగములు తగ్గినవి. వానిని కూర్చు చేతుల అక్కరయు తగ్గినది. 1980వ దశకమున పొరుగున హోసూరులో వెలసిన టైటన్ క్వార్ట్జ్‌నే నమ్ముకొన్నది. తుదకు 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గము హెచ్.ఎం.టి. గడియారముల సంస్థను మూసివేయ నిశ్చయించి, 2007 నాటి వేతనముల లెక్కన స్వచ్ఛంద విరమణకు అనుమతించినది.

సూక్ష్మమైన పనికి గిరాకి పోలేదు. టైటన్ వారే తరువాత విమానభాగముల తయారీకి దిగిరి. అయితే అచ్చట కావలసినది కంప్యూటరుతో నడచు యంత్రమును నడుపగలవారు. ఏబదియేండ్ల పనివానికి ఆ విద్యను విరమణకు ముందే నేర్పవలెనుగాని, తరువాత కాదని మా తలంపు.