పాదిరిగారి ఊపిరి

జలదంకి ప్రాంతపు క్రైస్తవ కుటుంబాలలో చావు జరిగినా, జబ్బు చేసినా ముందుగా పాదిరిగారికి కబురు వెళుతుంది. ఆయన దిగులు ఎవరు వింటారు? 1840లో ప్రారంభమైన నెల్లూరు బాప్టిస్టు మిషను ఫలితాలు లేక మూతపడవలసిన స్థితికి వచ్చింది. 1854 జనవరి 1న లైమన్ జూయెట్ దొర భార్యతోను, మరి ముగ్గురు తెలుగువారితోను ఒంగోలు కొండెక్కి ప్రార్థించాడు. ఒంటరి పాదిరికి ఆ తోడు కూడ ఉండదు.

ప్రార్థనవేళ దేహంలో ఏమవుతుంది? 2001లో ఇటలీలో బెర్నార్డి బృందం 23 మందిచేత లాటిన్ జపమాల ప్రార్థనను, బౌద్ధమంత్రాన్ని వల్లింపజేసింది. రెండింటా శ్వాస నిమిషానికి సుమారు 6 సార్లకు తగ్గింది. (ఊపిరితిత్తులకు మతభేదం లేదు!) రక్తపుపోటు సహజంగానే దాదాపు 10 సెకండ్లకొకసారి హెచ్చి తగ్గుతుంది. శ్వాస ఆ లయతో కలిస్తే పోటును సరిదిద్దే నాడీవ్యవస్థ చురుకవుతుంది. ఇది దేహాన్ని నెమ్మదింపజేస్తుందే గాని, మాట్లాడే మనిషికి బదులు కాదు.

విద్యార్థులు 5 సెకండ్లు పీల్చి, 5 సెకండ్లు విడుస్తూ మణికట్టు నాడిని చూడవచ్చును. పీల్చేటప్పుడు అది కొంచెం త్వరపడుతుంది, విడిచేటప్పుడు నెమ్మదిస్తుంది.